ఎంఆర్ఐలో రక్తనాళాలు దెబ్బతిన్నాయని వస్తే అది పార్కిన్సన్స్ కాదనేనా?

హనుమకొండ_శ్రీకాంత్

మా బాపుకు 71 ఏళ్లు. బీపీ, షుగర్ రెండూ పదిహేనేళ్లకు పైగా ఉన్నాయి. రెండేళ్లుగా నడక మెల్లమెల్లగా మారుతూ వచ్చి ఇప్పుడు అడుగు జానెడు కూడా పడడం లేదు. పాదాలు నేలను రాసుకుంటూ కదులుతాయి, బాత్రూం గడప దగ్గరికి రాగానే రెండు కాళ్లూ అక్కడే ఆగిపోతాయి. అయితే కూర్చున్నప్పుడు చేతులు బాగానే ఆడతాయి. అన్నం తానే కలుపుకుంటారు, చొక్కా గుండీలు తానే పెట్టుకుంటారు. వణుకు అసలే లేదు.

ఇక్కడ చూసిన డాక్టరు గారు పార్కిన్సన్స్, అంటే కదలికలు మందగించి ఒళ్లు బిగుసుకునే మెదడు జబ్బు, అని చెప్పి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలు రాశారు. మూడు నెలలు వాడినా చెప్పుకోదగ్గ మార్పు లేకపోవడంతో హైదరాబాద్ తీసుకువెళ్లాము. అక్కడి డాక్టరు గారు ఎంఆర్ఐ చూసి, మెదడులోని చిన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయని, ఇది పార్కిన్సన్స్ కాదని రెండు మాటల్లో తేల్చి పంపించారు. ఒకరు రాసిన మందును మరొకరు వద్దంటే ఇంట్లోవాళ్లం ఏం చేయాలి? రక్తనాళాలకూ ఈ నడకకూ ఉన్న సంబంధం ఏమిటి? రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండకూడదా? తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

కాజీపేట_విశ్రాంత_గార్డు

నాకు పార్కిన్సన్స్ ఉంది, ఏళ్లుగా మందు వాడుతున్నాను. నాకు కుడిచేతితో మొదలైంది. పెన్షన్ కాగితం మీద సంతకంలో మొదటి అక్షరం మామూలుగానే పడేది, చివరి అక్షరానికి వచ్చేసరికి చదవడానికి వీల్లేనంత చిన్నదైపోయేది. సంతకం కలవడం లేదని బ్యాంకులో కాగితం వెనక్కి ఇచ్చిన రోజే మా అబ్బాయి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. అంతకు చాలా ముందే నాకు వాసన తెలియడం పోయింది, వంటింట్లో పోపు మాడినా గుర్తించలేకపోయేవాడిని. మాత్ర వేసుకున్న కొద్దిసేపటికి చెయ్యి వదులవుతుంది, వేళ తప్పితే మళ్లీ బిగుసుకుంటుంది.

శ్రీకాంత్, మీ బాపు లక్షణాలు నా లక్షణాల్లా లేవు. కానీ నా ఎంఆర్ఐ రిపోర్టులోనూ తెల్ల మచ్చలు ఉన్నాయనే రాశారు. మచ్చలున్నంత మాత్రాన పార్కిన్సన్స్ కాదని కొట్టిపారేయడాన్ని నేను ఒప్పుకోను.

న్యూరో_పీజీ

గార్డు గారు చెప్పినది సరైన మాట. నేను న్యూరాలజీలో శిక్షణ పొందుతున్న వైద్యుడిని. మనిషిని చూడకుండా నిర్ధారణ చేయడం తగదు కనుక విషయం మాత్రమే వివరిస్తాను.

మెదడు బరువు శరీరంలో 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. కదలికలను సరిదిద్దే బేసల్ గాంగ్లియా అనే కేంద్రాలు మెదడు లోతుల్లో ఉంటాయి. వాటికి రక్తం అందించేవి పెద్ద ధమనుల నుంచి చీలి లోపలికి చొచ్చుకుపోయే, మిల్లీమీటరు మందం కూడా లేని కొమ్మలు. ఒక కొమ్మ మూసుకుపోతే ఆ భాగానికి రక్తం చేరే పక్కదారి దాదాపుగా ఉండదు. చెరువు నిండుగా ఉన్నా చివరి పిల్లకాలువ పూడిపోతే ఆ మడి ఎండినట్టే. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఈ కొమ్మల గోడలు మందమై లోపలి దారి ఇరుకవుతుంది, షుగరూ పొగ తాగడమూ దాన్ని మరింత వేగిరం చేస్తాయి. పూర్తిగా మూసుకుపోయిన చోట లాక్యూన్ అనే చిన్న గుంట మిగులుతుంది. మెదడు ముందుభాగాన్ని లోతట్టు కేంద్రాలతో కలిపే నాడీతంతువుల కట్టలు, అంటే తెల్ల పదార్థం, కొంచెం కొంచెంగా పాడవుతాయి. కాళ్లకు సంబంధించిన తంతువులు మెదడులోని ద్రవపు గదులను ఆనుకుని సాగుతాయి, ఈ నష్టం కూడా ఎక్కువగా అక్కడే జరుగుతుంది. అందువల్ల ముందు నడక చెడుతుంది, చేతులు చాలాకాలం బాగుంటాయి. ఈ రకాన్ని 1929లో మాక్డొనాల్డ్ క్రిచ్లీ అనే బ్రిటిష్ వైద్యుడు విడిగా వర్ణించారు. ఇప్పుడు దీన్ని వాస్క్యులర్ పార్కిన్సనిజం అంటున్నాము.

1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు దారి వేరు. అందులో మెదడు కాండంలోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తాయి, ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ కణాల్లో ముద్దలుగా పేరుకుంటుంది. సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది, చాలామందిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు వణుకు ఉంటుంది, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపాకు స్పష్టమైన గుణం కనిపిస్తుంది. మామూలు ఎంఆర్ఐలో ఈ జబ్బు కనబడదు. ఆ పరీక్ష చేసేది ముఖ్యంగా ఇతర కారణాలు లేవని నిర్ధారించుకోవడానికే.

చిక్కు ఇక్కడే ఉంది. డెబ్బై దాటినవారిలో చాలామందికి తెల్ల పదార్థంలో ఎంతో కొంత మార్పు ఉంటుంది. దాన్ని ఫజెకాస్ అనే కొలమానంలో 0 నుంచి 3 వరకు లెక్కిస్తారు. 1 అని ఉంటే ఆ వయసుకు అది పెద్ద విషయం కాదు. 3 అని ఉండి, బేసల్ గాంగ్లియాలో లాక్యూన్లు కూడా ఉంటే నడకకు కారణం అదే కావచ్చు. రిపోర్టులో ఏ అంకె ఉందో, లాక్యూన్లు ఎక్కడ ఉన్నాయో చూడండి. ఇక రెండు జబ్బులూ కలిసి ఉండవచ్చా అంటే, తప్పకుండా ఉండవచ్చు. వయసుతో రెండూ పెరిగేవే.

నర్సంపేట_టీచరమ్మ

మా అత్తమ్మకు పీజీ గారు చెప్పిన రక్తనాళాల రకమే అని తేలింది. మొదట చిన్న పక్షవాతం వచ్చి తగ్గింది, కొంతకాలానికి నడక ఇలా అయింది. ఆమెకు కూడా గుమ్మం దగ్గరే కాళ్లు ఆగేవి, ఖాళీ హాల్లో బాగానే నడిచేవారు.

మాకు అన్నిటికన్నా ఉపయోగపడినది లయ. బతుకమ్మ ఆడేటప్పుడు కొట్టినట్టు చప్పట్లు కొడితే ఆగిన కాలు కదిలేది. ఆమె చిన్నప్పటి నుంచి ఆ లయకే అడుగు వేసిన మనిషి కదా. ఇప్పుడు మా నాలుగేళ్ల మనవడు తాతమ్మ లేచి నిలబడితే చాలు, ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మొదలుపెడతాడు. ఆమె నవ్వుతూ గడప దాటుతారు.

ఫిజియో_కరీంనగర్

టీచరమ్మ గారు ఇంట్లో కనిపెట్టినదాన్నే మేము చికిత్సలో వాడుతాము. అలవాటుగా జరిగే నడకను నడిపించే దారి దెబ్బతిన్నప్పుడు, బయటి నుంచి వచ్చే శబ్దమో గీతో మెదడుకు మరో దారి చూపుతుంది. బాత్రూం ముందు నేల మీద అడుగు అడుగు దూరంలో రంగు టేపు అడ్డంగా అతికించి, ప్రతి గీతనూ దాటమని చెప్పండి. తిరిగేటప్పుడు ఒక్కచోటే గిర్రున తిరగకుండా చిన్న అర్ధచంద్రాకారంలో తిప్పాలి, ఎందుకంటే పడిపోవడాలు ఎక్కువగా మలుపులోనే జరుగుతాయి. వెనుక పట్టీ లేని చెప్పులు వెంటనే మాన్పించండి.

వ్యాయామానికి రుజువులు ఉన్నాయి. 2018లో వెలువడిన స్పార్క్స్ పరిశోధనలో, మందు ఇంకా మొదలుపెట్టని తొలిదశ పార్కిన్సన్స్ రోగులు 128 మంది పాల్గొన్నారు. వారానికి నాలుగు రోజుల చొప్పున ఆరు నెలలు ట్రెడ్‌మిల్ మీద నడవాలన్నది వారిలో వ్యాయామం చేసేవారికి పెట్టిన లెక్క. గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 85 శాతానికి చేరేలా గట్టిగా నడిచినవారిలో, వ్యాయామం చేయనివారితో పోలిస్తే లక్షణాలు తక్కువగా పెరిగాయి. 71 ఏళ్ల మనిషి, అదీ బీపీ, షుగర్ ఉన్నవారు గుండె పరీక్ష లేకుండా అంత వేగంగా నడవకూడదు. భద్రకాళి బండ్ మీద ఒకరి చెయ్యి పట్టుకుని పొద్దున్నే నడవడంతో మొదలుపెట్టినా మేలే.

మంచిర్యాల_రాజన్న

నా అభిప్రాయం వేరు. లెవోడోపాను తొందరపడి మొదలుపెట్టకూడదు, అది కొన్నేళ్లే పనిచేస్తుంది, ముందే వాడేస్తే తర్వాత పనిచేయడానికి ఏమీ మిగలదు. మా పెద్దనాయనకు ఐదేళ్లలో ఒళ్లంతా మెలికలు తిరిగే కదలికలు వచ్చాయి. రక్తనాళాల జబ్బని రెండో డాక్టరు చెప్పినప్పుడు మాత్ర ఆపడమే మంచిది.

న్యూరో_పీజీ

రాజన్న గారూ, మీ పెద్దనాయన గారి అవస్థ నిజమే, ఆ అసంకల్పిత కదలికలు మేము తరచూ చూస్తాము. కానీ మందు ముందుగా మొదలుపెట్టడం వల్లనే అవి వచ్చాయనడానికి ఆధారం లేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2019లో ప్రచురితమైన లీప్ పరిశోధనలో ఒక వర్గానికి లెవోడోపా వెంటనే ఇచ్చారు, మరో వర్గానికి 40 వారాలు ఆలస్యంగా ఇచ్చారు. 80 వారాల చివర రెండు వర్గాల మధ్య తేడా లేదు. ముందుగా ఇవ్వడం జబ్బును నెమ్మదింపజేయలేదు, హానీ చేయలేదు.

మరో ముఖ్యమైన విషయం. శ్రీకాంత్ గారూ, మాత్రను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. ఎక్కువ మోతాదులో వాడేవారు హఠాత్తుగా మానేస్తే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, స్పృహ తప్పడం వరకు వెళ్లవచ్చు. రక్తనాళాల రకంలో లెవోడోపా గుణం తక్కువన్నది నిజమే, అయినా కొందరికి పనిచేస్తుంది. ముఖ్యంగా డోపమైన్ వచ్చే దారిలోనే దెబ్బ తగిలినవారికి గుణం కనిపిస్తుంది. కాబట్టి చాలినంత మోతాదు, చాలినన్నాళ్లు ఇచ్చి చూడకుండా పనిచేయలేదని రాయడం సరికాదు. రోజుకు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు వేస్తున్నారు?

హనుమకొండ_శ్రీకాంత్

లెవోడోపా 100 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు, అంటే మొత్తం 300. భోజనం అయ్యాక వేస్తున్నాము. ఎంఆర్ఐ రిపోర్టులో ఫజెకాస్ 2 అని, రెండు పక్కలా లాక్యూన్లు ఉన్నాయని రాసి ఉంది. మూత్రం ఆపుకోలేకపోవడం కూడా ఈ మధ్య మొదలైంది.

జనగామ_మెడికల్స్

మందుల దుకాణం నడిపేవాడిగా ఒక మాట చెబుతాను. లెవోడోపాను భోజనానికి అరగంట ముందు గానీ, భోజనమైన గంట తర్వాత గానీ వేయాలి. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ పేగులోనూ మెదడు గుమ్మం దగ్గరా లెవోడోపాతో పోటీపడుతుంది. ఐరన్ మాత్ర ఉంటే దాన్ని కూడా దూరంగా వేయాలి.

అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. మీ బాపు గ్యాస్ మందు వాడుతున్నారా? మా దగ్గర అమ్ముడయ్యే గ్యాస్ క్యాప్సూళ్లలో చాలావాటిలో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. అది డోపమైన్ పనిని అడ్డుకునే మందు. కళ్లు తిరగడానికి ఇచ్చే సిన్నరిజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లూనారిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్ కూడా అటువంటివే. ఒకసారి రాసిన చీటీని ఏళ్ల తరబడి చూపించి కొనుక్కుపోయేవారు రోజూ వస్తుంటారు, వారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

హనుమకొండ_శ్రీకాంత్

ఇప్పుడే పట్టీ తిప్పి చదివాను. బాపు పొద్దున పరగడుపున వేసుకునే క్యాప్సూల్‌లో పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు అని ఉంది. రెండేళ్లకు పైగా వాడుతున్నారు. ఇద్దరు డాక్టర్లలో ఎవరూ గ్యాస్ మందు పేరు అడగలేదు.

న్యూరో_పీజీ

జనగామ గారు చాలా విలువైన ప్రశ్న అడిగారు. ఒక చేత్తో డోపమైన్ ఇస్తూ మరో చేత్తో దాన్ని అడ్డుకుంటూ ఉంటే లెవోడోపా పనిచేయలేదని తేల్చడం కుదరదు. రేపే డాక్టరు గారికి ఆ పట్టీ చూపించి, దాని బదులు ఉత్త పాంటోప్రజోల్ చాలునేమో అడగండి. మందుల వల్ల వచ్చిన బిగువు, ఆ మందు మానేశాక తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే లోపల మరో కారణం ఉన్నట్టే.

సుబేదారి_లలిత

మూత్రం సంగతి చదివి రాస్తున్నాను. మా నాన్నకు కూడా ఇదే నడక, మూత్రం ఆగకపోవడం, దానికి తోడు మతిమరుపు ఉండేవి. ముసలితనమని అందరూ సరిపెట్టారు. చివరికి ఒక డాక్టరమ్మ, మెదడులో ద్రవం ఎక్కువై గదులు ఉబ్బే నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ కావచ్చని అనుమానించారు. వెన్నులోంచి కొంత ద్రవం తీసి, అంతకు ముందూ తర్వాతా నడిపించి వీడియో తీశారు. తేడా కనిపించడంతో షంట్, అంటే ఎక్కువైన ద్రవాన్ని బయటికి మళ్లించే సన్నని గొట్టం, వేశారు. నడక చాలావరకు బాగుపడింది. ఎంఆర్ఐలో గదుల సైజు గురించి ఏం రాశారో చూసుకోండి.

న్యూరో_పీజీ

లలిత గారు చెప్పినది తప్పనిసరిగా ఆలోచించాల్సిన విషయం. రక్తనాళాల రకంలోనూ నడక, మూత్రం, జ్ఞాపకం ఇదే వరుసలో చెడతాయి కాబట్టి రెండింటినీ విడదీయడం కష్టం. అంతకీ తేలకపోతే డోపమైన్ రవాణాను చూపే ట్రోడాట్ స్కాన్ హైదరాబాద్‌లో చేస్తారు. పార్కిన్సన్స్ అయితే ఆ స్కాన్‌లో లోపం కనబడుతుంది, కేవలం తెల్ల పదార్థపు నష్టమో గ్యాస్ మందు ప్రభావమో అయితే సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అయితే లాక్యూన్లు బేసల్ గాంగ్లియాలోనే ఉంటే ఆ స్కాన్‌ను కూడా జాగ్రత్తగా చదవాలి.

పరకాల_రైతుబిడ్డ

రెండు సందేహాలు ఉన్నాయి. బీడీ, సిగరెట్ తాగేవారికి పార్కిన్సన్స్ తక్కువ వస్తుందని మా కాక ఎక్కడో చదివి, బీడీ మానమంటే ఆ మాటే చెబుతున్నాడు. అది నిజమేనా? అలాగే మా చేను గట్టున ఉండే దూలగొండి గింజల్లో ఈ మందే ఉంటుందంటారు, దాన్ని పొడి చేసి వాడవచ్చా?

న్యూరో_పీజీ

పొగ తాగేవారిలో పార్కిన్సన్స్ తక్కువగా కనబడుతుందని అనేక అధ్యయనాల్లో తేలిన మాట నిజమే. కానీ పార్కిన్సన్స్ రోగులకు నికోటిన్ పట్టీలు ఇచ్చి చూస్తే జబ్బు నెమ్మదించలేదు. మెదడు రక్తనాళాలను మాత్రం పొగ నిస్సందేహంగా దెబ్బతీస్తుంది. మీ కాక గారికి ఈ శ్రీకాంత్ గారి బాపు నడకను చూపించండి; బీడీ దానికి కూడా దారి వేస్తుంది.

దూలగొండి గింజల్లో లెవోడోపా ఉండడం వాస్తవం, కంపవాతానికి ఆయుర్వేదంలో దాన్ని వాడుతూ వచ్చారు. కానీ గింజకూ గింజకూ మందు పాలు మారుతుంది. లెవోడోపా మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారిపోకుండా కాపాడే కార్బిడోపా అందులో ఉండదు. మాత్రతో పాటు డాక్టరుకు చెప్పకుండా కలిపి వాడితే మోతాదు మన చేతిలో ఉండదు, బీపీ పడిపోతుంది.

కాజీపేట_విశ్రాంత_గార్డు

బీపీ పడిపోవడం అన్నారు కనుక నా అనుభవం రాస్తాను. పొద్దున మంచం దిగి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను, భుజం ఎముక విరిగింది. డాక్టరు గారు పడుకోబెట్టి చూస్తే 160 ఉన్న పై అంకె, నిలబెట్టి చూస్తే 110కి దిగింది. అంతకు ముందు వరకు ఎప్పుడు చూసినా కూర్చోబెట్టే చూసేవారు, ఎక్కువుందని మాత్రలు పెంచేవారు.

న్యూరో_పీజీ

పార్కిన్సన్స్ రోగుల బీపీలో అతి పెద్ద చిక్కు ఇదే. నిలబడిన 3 నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రక్తనాళాలను సంకోచింపజేసే నరాలు బలహీనపడడం వల్ల ఇది జరుగుతుంది. లేవగానే మెదడుకు రక్తం తగ్గుతుంది, పడుకుంటే అతిగా పెరుగుతుంది. రెండూ చిన్న నాళాలకు చెరుపే. తల వైపు మంచం కాస్త ఎత్తు చేయడం, లేచే ముందు మంచం మీదే రెండు నిమిషాలు కూర్చోవడం, లేవడానికి ముందు పెద్ద గ్లాసులతో రెండు గ్లాసుల నీళ్లు తాగడం ఉపయోగపడతాయి.

నర్సంపేట_టీచరమ్మ

బీపీని గట్టిగా అదుపులో పెడితే మెదడులో మచ్చలు ఆగుతాయా? అత్తమ్మ విషయంలో ఇదే మా పెద్ద ఆశ.

న్యూరో_పీజీ

ఉన్న గుంటలు పూడవు, కొత్త నష్టం మాత్రం నెమ్మదిస్తుంది. అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధనలో పై అంకెను 120 కన్నా తక్కువకు తేవాలని చికిత్స చేసినవారిలో, 140 కన్నా తక్కువ చాలనుకున్నవారితో పోలిస్తే, తెల్ల పదార్థపు మచ్చలు తక్కువగా పెరిగాయి. ఆ ఫలితం 2019లో వచ్చింది. అయితే అందులో షుగర్ ఉన్నవారినీ, ముందే పక్షవాతం వచ్చినవారినీ తీసుకోలేదు. కాబట్టి శ్రీకాంత్ గారి బాపుకు గానీ, మీ అత్తమ్మ గారికి గానీ ఎంత అంకె పెట్టుకోవాలన్నది, నిలబెట్టి కొలిచాక వారి డాక్టరే నిర్ణయించాలి.

పార్కిన్సన్స్ విషయంలో ఇదే ఆశతో మందులు కూడా పరీక్షించారు. ఇస్రాడిపిన్ అనే బీపీ మందు, సింవాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందు ఆ జబ్బును నెమ్మదింపజేయలేదు. మరోవైపు, పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదళ్లను పరిశీలించినప్పుడు రక్తం పారని, గోడ మాత్రమే పోగులా మిగిలిన కేశనాళికలు కనిపించాయి. అంటే ఆ జబ్బులో కూడా నాళాలు క్షేమంగా లేవు. అవి కణాల నాశనానికి కారణమా, ఫలితమా అన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం.

ఫిజియో_కరీంనగర్

ఉప్పు మాట కూడా చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా లోపే ఉండాలంటోంది. మన ఇళ్లలో రెండు పూటలా మామిడికాయ తొక్కు, మీదికి అప్పడం ఉంటే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. గార్డు గారిలా నిలబడితే బీపీ పడిపోయేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఉప్పు తగ్గించకూడదు.

హనుమకొండ_శ్రీకాంత్

మొదటి డాక్టరు గారినే మళ్లీ కలిశాము. పట్టీ చూపించగానే గ్యాస్ క్యాప్సూల్ మార్చారు. లెవోడోపాను భోజనానికి ముందుకు జరిపి, వారం వారం కొద్దిగా పెంచమన్నారు. నిలబెట్టి బీపీ చూశారు, పై అంకె 12 మాత్రమే తగ్గింది. గదుల సైజు కాస్త పెద్దదే కనుక రెండు నెలల తర్వాత కూడా నడక ఇలాగే ఉంటే వెన్ను ద్రవం పరీక్ష చేద్దామన్నారు. రక్తనాళాల పాత్ర ఉందని, పార్కిన్సన్స్ లేదని ఇప్పుడే చెప్పలేనని ఆయన స్పష్టంగా అన్నారు. ఆ మాట విన్నాక మాకు ధైర్యం వచ్చింది. బాత్రూం ముందు పసుపు టేపు అతికించాము, మొదటి గీత దగ్గర ఇంకా తడబడుతున్నారు.

ఒక్క ప్రశ్న మిగిలింది. రేపు ఎప్పుడైనా వాంతులై రాత్రిపూట దగ్గరలోని దవాఖానాకు వెళ్తే, అక్కడ ఏ ఇంజెక్షన్ ఇస్తారో మనకు ఎలా తెలుస్తుంది?

జనగామ_మెడికల్స్

మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్, లెవోసల్పిరైడ్, సిన్నరిజిన్, ఫ్లూనారిజిన్, హాలోపెరిడాల్ ఇవ్వకూడదని మీ డాక్టరు గారి చేత ఒక కాగితం మీద రాయించి, ఫైలు పై అట్టకు లోపలివైపు అతికించండి. వాంతులకు వీరికి సాధారణంగా డొంపెరిడోన్ ఇస్తారు, అది మెదడులోకి పెద్దగా వెళ్లదు. అయితే గుండె జబ్బు ఉంటే ఈసీజీ చూశాకే ఇవ్వాలి, కాబట్టి బాపు పాత ఈసీజీని కూడా అదే ఫైలులో పెట్టండి.